రెండు ఎడమ చేతుల కోటు

నాలుగో రోజు కూడా మెకానిక్ తొమ్మిదింటికే కుట్టు షాపు మెట్లెక్కాడు. షాపు రెండో అంతస్తులో ఉంది. మొదటిరోజు మెట్లు ఎన్నో చూసుకోలేదు. ఇప్పుడు కాళ్ళే లెక్కపెడుతున్నాయి, ఇరవై ఆరని. భుజానికి సంచి, సంచిలో స్క్రూడ్రైవర్లు, రెండు పెన్‌డ్రైవులు, అక్క డబ్బాలో పెట్టిచ్చిన రొట్టె.

గది రైలుపెట్టెలా పొడుగ్గా ఉంటుంది. కిటికీ పక్కన గుడ్డ కత్తిరించే బల్ల, తర్వాత రెండు మిషన్లు, ఇస్త్రీ బల్ల, చిట్టచివర మూలన కంప్యూటరు. ఊళ్ళో సగంమంది నడుము కొలతలు అందులోనే ఉన్నాయి. అది తెరుచుకోకపోతే పాత కొలతలేవీ చేతికి రావు.

“వచ్చారా?” అంది టైలరు, బల్ల మీంచి తలెత్తకుండా. ఆమె చెవి దగ్గర జుట్టులో తెల్లదారం ముక్క ఒకటి చిక్కుకుని ఉంది. చెప్పాలనుకున్నాడు. చెప్తే తీసేస్తుందని చెప్పలేదు.

“వచ్చాను.”

“టీ పొయ్యమంటారా?”

“నిన్న తాగింది మళ్ళీ కప్పులోకి వచ్చేసింది కదండీ. ఇవాళైనా లోపల ఉంటుందంటే పొయ్యండి.”

గుండీలు కుడుతున్న వదిన కిసుక్కున నవ్వింది. ఆమె టైలరు అన్న భార్య. చేతులు ఎంత చురుకో నోరు అంతకంటే చురుకు.

సంగతేమిటంటే, ఆ కంప్యూటరు పొద్దున తెరవగానే అప్‌డేట్ వేసుకోవడం మొదలుపెడుతుంది. ఎంతో కొంత దూరం పోయి ఆగిపోతుంది. ‘అప్‌డేట్ పూర్తి కాలేదు. చేసిన మార్పులు వెనక్కి తీసుకుంటున్నాం’ అని నీలం తెర మీద అక్షరాలు పడతాయి. పడ్డాక అది నిజంగానే వెనక్కి తీసుకుంటుంది. తన మార్పులే కాదు, ఆ గదిలో పొద్దున్నుంచి జరిగిన మార్పులన్నీ. కుట్లు ఊడిపోయి దారం రీళ్ళకు చుట్టుకుంటుంది. కత్తిరించిన గుడ్డ అతుక్కుని మడత పడుతుంది. మొన్న వదిన వేలికి దిగిన సూది పోటు మానిపోయింది. మెకానిక్ తిన్న రొట్టె డబ్బాలోకి పోయి, ఆకలి పొట్టలోకి వచ్చింది. మనుషుల జ్ఞాపకాలకు మాత్రం ఏమీ కాదు, గుమ్మం దాటిన బట్టకూ ఏమీ కాదు. అందుకే చొక్కాలు ఇచ్చినవాళ్ళు ఆఖరి గుండీ పడగానే లాక్కుని గబగబా మెట్లు దిగిపోతున్నారు. కింది షాపులో పైపు కారుతుంది, పై షాపులో ఇదీ ఇబ్బంది. అంతకుమించి ఎవరూ దాని గురించి మాట్లాడుకోలేదు.

మూడు రోజుల్లో మెకానిక్ చెయ్యనిది లేదు. డిస్కులో చోటు ఖాళీ చేశాడు, తేదీ సరిచేశాడు, సగం దిగిన ఫైళ్ళన్నీ తుడిచి మళ్ళీ దింపాడు. ప్రతిసారీ అదే నీలం తెర. మూడు రోజులూ టైలరు అవే చొక్కాల్ని మళ్ళీ మళ్ళీ కత్తిరించింది, కళ్ళకింద నల్లటి చారలు వచ్చేదాకా.

నాలుగో రోజు పదిన్నరకు దొరికింది జబ్బు. డిస్కులో మొదట్లోనే, కంప్యూటరు లేవడానికని కేటాయించిన చిన్న చోటొకటి ఉంటుంది. అందులో ఎవరికీ అక్కర్లేని భాషల అక్షరాల ఫైళ్ళు కిక్కిరిసి, అప్‌డేట్‌కి కాలు పెట్టే సందు లేకుండా పోయింది. వాటిని తీసేశాడు. అప్‌డేట్ పన్నెండు శాతం దాటింది, నలభై దాటింది, నిన్న ఆగిన చోటునీ దాటింది.

అప్పుడే ఫోను మోగింది. అవతల బావ. రిపేరు షాపు ఆయనదే, మెకానిక్ ఉంటున్న ఇల్లూ ఆయనదే.

“ఏరా, ఇంకా దాని ముందే తపస్సు చేస్తున్నావా?”

“కారణం తెలిసింది బావా. ఇవాళ అయిపోతుంది.”

“రోజూ వింటున్న మాటే. మూడింటికల్లా అయిందని ఫోను రాకపోతే ఆ సంచి తెచ్చి మీ అక్కకిచ్చెయ్. మా తమ్ముడి కొడుకు ఖాళీగానే ఉన్నాడు.”

మెకానిక్ ఫోను జేబులో పెట్టుకుని మళ్ళీ తెరవైపు తిరిగాడు.

“మీ బావగారికి ఫోనెందుకండీ, దండగ,” అంది వదిన. “కిటికీ తీసి మాట్లాడినా మనకు వినపడుతుంది.”

మెకానిక్ నవ్వాడు గానీ మొహంలో నవ్వు లేదు. ముప్పై రెండేళ్ళొచ్చాయి. ఇది మూడో పని. ఇదీ పోతే అక్క ఏమీ అనదు, అన్నం మాత్రం తలొంచుకుని వడ్డిస్తుంది. అదే అతనికి భయం.

రెండు దాటాక మిషను చప్పుడు ఆగిపోయింది.

“వదినా,” అంది టైలరు.

“ఊఁ.”

“ఇవి రెండూ ఎడమ చేతులే.”

బల్ల మీద నేత మామ్మ కోటు ముక్కలున్నాయి. మామ్మ నలభై ఏళ్ళు ఊరందరికీ గుడ్డ నేసింది. తను నేసిన గుడ్డ ఒక్కటీ ఒంటిమీద వేసుకోలేదు. ఈ మధ్య వేళ్ళు ముడుచుకోవడం మానేశాయి. మగ్గం మీంచి ఆఖరిసారి దిగిన గుడ్డ ఇది, ఒకవైపు నునుపు, ఒకవైపు గరుకు. కోటు కుట్టమని మొన్న తనే మోసుకుంటూ మెట్లెక్కి వచ్చింది. ఇవాళ ఐదింటికి వేసి చూసుకోవడానికి వస్తుంది. ఒక చెయ్యి కత్తిరించాక నమూనా కాగితాన్ని తిరగేసి రెండోది కత్తిరించాలి. పన్నెండేళ్ళుగా అలాగే చేస్తోంది టైలరు. ఇవాళ తిరగెయ్యడం మర్చిపోయింది.

“తిరగేసి కుట్టెయ్యరాదూ?”

“గరుకు పైకొస్తుంది.”

“మిగిలిన గుడ్డ?”

టైలరు అంచు ముక్క ఎత్తి చూపించింది. రెండు వేళ్ళ వెడల్పుంది. దాన్ని మళ్ళీ కింద పెట్టి, అరచేతులతో కళ్ళు నొక్కుకుంది. వేళ్ళకున్న సుద్ద బుగ్గలకి అంటుకుంది.

మూడు రోజులు నిద్రలేకుండా కత్తిరించినవే కత్తిరిస్తే ఎవరి చెయ్యైనా తప్పుతుంది. కత్తిరించినవే కత్తిరించేలా చేసింది తనే కదా అనుకున్నాడు మెకానిక్. తెర మీద ఎనభై ఎనిమిది.

“మామూలుగా అయితే ఈపాటికి అది ఫెయిలయ్యేది…” అని నసిగింది వదిన.

“నువ్వూరుకో వదినా. విన్నావుగా, ఆయన పని పోతుంది.”

“నేనేమన్నాను. గుండీ పడిపోయిందన్నాను.”

ఎనభై తొమ్మిది. తొంభై. నాలుగు రోజులుగా ఈ అంకె కోసం కళ్ళు కాయలు కాచేలా చూశాడు. ఇప్పుడు అది ముందుకు జరిగినప్పుడల్లా గుండెలో ఏదో వెనక్కి జరుగుతోంది.

“కుట్టడం అయిపోయినవి ఎన్నున్నాయండీ?” అనడిగాడు.

“పదకొండు చొక్కాలు,” అంది వదిన, టైలరు నోరు తెరిచేలోపు.

“వాటిని తీసుకెళ్ళి మెట్ల మీద పెట్టండి.”

టైలరు లేచి నిలబడింది. “వద్దండీ. తప్పు నాది. మామ్మ కాళ్ళు పట్టుకుంటాను. ఇంటికెళ్ళి మీరేం చెప్తారు?”

“కాలేదని చెప్తాను. నాలుగు రోజులుగా అదేగా చెప్తున్నాను, నాలిక్కి అలవాటైపోయింది.”

వదిన చొక్కాలు చంకలో పెట్టుకుని ఎప్పుడో గుమ్మం దాటింది. మెకానిక్ వంగి, తొంభై మూడు దగ్గర ప్లగ్గు పీకాడు. పది లెక్కపెట్టి మళ్ళీ పెట్టాడు. నీలం తెర వచ్చింది.

ముందు నేల మీది పీలికలు కదిలాయి. తర్వాత బల్ల మీద ముక్కలు ఒకదాని పక్కకి ఒకటి జరిగాయి. తెగిన పోగులు వాటి జోడుని వెతుక్కుని, తడుముకుని, పట్టుకున్నాయి. రెండు ఎడమ చేతులూ గుడ్డలో కలిసిపోయి, ఎక్కడున్నాయో తెలియకుండా పోయాయి. కెటిల్ నిండింది. మెకానిక్‌కి ఆకలేసింది. అలసట కూడా పొద్దున్నటి లెక్కకి వెనక్కి పోయింది, కానీ పొద్దున మాత్రం తక్కువుందా ఏమిటి. తీసేసిన అక్షరాల ఫైళ్ళు మళ్ళీ వాటి చోట్లో కిక్కిరిశాయి. మళ్ళీ మొదట్నుంచి దింపాలంటే సాయంత్రం దాటుతుంది.

మూడింటికి ఫోను చేశాడు. “కాలేదు బావా.”

ఈసారి బావ అరవలేదు. “సరేలేరా,” అన్నాడు నీరసంగా. “సంచి మీ అక్కకిచ్చెయ్.”

ఇక వెళ్ళాలి. ఎందుకో కాళ్ళు లేవలేదు. టైలరు గుడ్డ పరిచి, అతనివైపు చూసింది.

“ఆ చివర పట్టుకోండి. లాగొద్దు, ఊరికే పట్టుకోండి చాలు.”

పట్టుకున్నాడు. ఆమె ఒక చెయ్యి కత్తిరించింది. నమూనా తిరగేసి, అతనికి చూపించి, అతను తలూపాకే రెండోది కత్తిరించింది.

ఐదింటికి నేత మామ్మ వచ్చేసరికి కోటుకి ఇంకా తాత్కాలికంగా వేసే పచ్చికుట్లే పడ్డాయి. అలాగే వేశారు. మామ్మ అద్దంలో చూసుకోలేదు. వంగని వేళ్ళతో తన గుడ్డని తనే భుజం మీంచి మోచేతి దాకా నిమురుకుంది, ఎవరో పరాయివాళ్ళ నేతని మెచ్చుకుంటున్నట్టు. టైలరు కుడిచేతి దగ్గర పిన్నులు గుచ్చుతుంటే, మెకానిక్ ఎడమచేతి అంచు ముడతపడకుండా పట్టుకుని నిలబడ్డాడు.

“ఎవరమ్మా ఈ అబ్బాయి?” అంది మామ్మ. “గుడ్డని చంటిపిల్లని పట్టుకున్నట్టు పట్టుకున్నాడు.”

టైలరు పెదాల మధ్యనుంచి పిన్ను తీసి, మామ్మ మణికట్టు దగ్గర గుచ్చింది.

“మా షాపులోనే మామ్మా. ఇవాళే చేరారు.”

వదిన చేతిలో సూది ఒక్క క్షణం ఆగి మళ్ళీ కదిలింది. మెకానిక్ కాదనలేదు. పిన్నుల డబ్బాని టైలరు చేతికి ఇంకాస్త దగ్గరగా జరిపాడు.