అడవి పద్యంలో దర్బారు

నేను ఒక ప్రొజెక్టర్‌ని. ముందే చెబుతున్నాను, నాకు కోపమెక్కువ. ఎదురుగా తెల్లని గుడ్డ, సరైన దూరం, కదలని బల్ల, ఈ మూడూ ఇస్తే నేను చేయలేని పని లేదు. పుట్టినప్పటి నుంచి ఆ మూడూ ఒక్కచోట నాకు దొరకలేదు. నాతోపాటు పెట్టెలో ఒక పుస్తకం కూడా వచ్చింది. నన్ను ఎలా నిలబెట్టాలో, బొమ్మను ఎలా సరిచేయాలో అందులో విడమరిచి రాశారు. నా మొదటి యజమాని దాన్ని విప్పి చూడకుండా ఎత్తు కోసం నా కాలి కింద పెట్టాడు.

సముద్రాల అవతల ఫ్యాక్టరీలో నా కంటి అద్దాన్ని తెల్లటి తొడుగులు వేసుకున్న చేతులతో పట్టుకున్నారు. గుంటూరులో, బీమా ఏజెంట్లకు పాఠాలు చెప్పే ఆఫీసులో, అదే అద్దాన్ని చొక్కా కొసతో తుడిచారు. అక్కడి మేనేజరు కేబుల్ సగమే గుచ్చేవాడు. "నో సిగ్నల్" అని నేను చూపించిన ప్రతిసారీ నా నెత్తిన ఒక మొట్టికాయ వేసేవాడు. ఉన్నమాటంటే ఉలుకెక్కువ కదా! చివరికి ఆయన గోడకు పెద్ద టీవీ బిగించుకుని నన్ను పాత సామాన్ల వాడికి ఇచ్చేశాడు. అలా నేను రాఘవులు చేతిలో పడ్డాను.

రాఘవులు పొన్నూరు దగ్గర ఒక పద్యనాటక సమాజానికి కార్యదర్శి. రంగుల పరదాలు మోయడానికి మనుషులు దొరకడం లేదని, అడవినీ కోటనీ నా చేతే చూపిద్దామని ఆయనకు తోచింది. మంచి ఆలోచనే. ఆచరణ దగ్గరే నా ప్రాణం తీశాడు.

ముందు నుంచి వేస్తే నటుల నీడలు బొమ్మ మీద పడతాయి. అందుకని నన్ను తెర వెనక పెట్టారు. వెనక నుంచి వేస్తే ఎడమ కుడవుతుంది. దాన్ని తిప్పే ఏర్పాటు నాలోనే ఉంది. రాఘవులు దాని జోలికి పోలేదు. కోట గుమ్మం మీద రాజుగారి పేరు తిరగబడి కనిపిస్తుంటే, ఆ పేరునే బొమ్మలోంచి చెరిపించాడు. ఫోకస్ తిప్పాల్సిన చోట జూమ్ తిప్పేవాడు. కోట పెద్దదయ్యేదే గానీ తేటపడేది కాదు. "దీనికి చత్వారం వచ్చినట్టుందయ్యా" అని అందరి ముందూ నన్నే అనేవాడు. ఆడలేక మద్దెల ఓడన్నాడట వెనకటికి ఎవడో.

ఇక స్తంభాల సంగతి. నన్ను నేల మీద పెట్టి మూతి పైకెత్తితే బొమ్మ పైన వెడల్పుగా, కింద సన్నగా వస్తుంది. కోట స్తంభాలు తాగినవాళ్ళలా చెరో పక్కకీ వాలాయి. ఒక్క మీట నొక్కితే నిటారుగా నిలబడేవి. ఆ మీట నా నెత్తి మీదే ఉంది. రాఘవులు దాని మీద టీ గ్లాసు పెట్టుకునేవాడు. బాగా ఆలోచించి, తెర అడుగును తాళ్ళతో ముందుకు లాగి మేకులకు కట్టించాడు. స్తంభాలు కాస్త దారికొచ్చాయి. రాణి వేషం వేసినామె మాత్రం వచ్చినప్పుడల్లా ఆ తాళ్ళు తట్టుకుని తూలేది. నన్ను సరిచేయడం చేతగాక తెరనే వంచిన ఘనులు వీళ్ళు.

ఆ సమాజంలో రాజు వేషం భావన్నారాయణగారిది. రాఘవులుకు స్వయానా అక్క మొగుడు. ఒకప్పుడు ఆయన పద్యం ముగించగానే జనం "వన్స్ మోర్" అని కేకలు పెట్టేవారట, ఆయన మళ్ళీ మొదటి నుంచి పాడేవారట. పద్యనాటకంలో నటుడికి అంతకు మించిన దండ లేదు. తర్వాత గొంతులో కణితి లేచి ఆపరేషన్ చేశారు. మాట తిరిగి వచ్చింది, పాట సగమే వచ్చింది. మళ్ళీ వేషం కట్టి ఏడాదైనా ఆ కేక ఆయన చెవిన పడలేదు.

ఒకనాడు రిహార్సల్ అయ్యాక ఆయన హార్మోనిస్టు మస్తాన్‌తో చెప్పుకుంటుంటే నేను పక్కనే ఉన్నాను. "తెనాలి పరిషత్తు పోటీలో గూడా అడక్కపోతే కిరీటం పక్కన పెట్టేస్తా మస్తానూ. చప్పట్లంటావా, జాలిపడి గూడా కొడతారు. మళ్ళీ పాడమని జాలిపడి ఎవరూ అడగరు."

"అట్టా అనబాకన్నా" అన్నాడు మస్తాన్.

సరిగ్గా అప్పుడే రాఘవులుకు ఇంకో తెలివి పుట్టింది. రిమోట్ చేతిలో ఉంటే తప్పు మీటలు నొక్కుతున్నానని ఎట్టకేలకు గ్రహించి, బొమ్మలు వాటంతటవే మారేలా, ఏ పద్యానికి ఎంతసేపో లెక్కగట్టి వరసగా పేర్పించాడు. భావన్నగారు అంతా చూసి అడిగారు.

"ఏరా రాఘవులూ, అడివి పద్యం కాడ వన్స్ మోర్ అంటే ఎట్టా?"

"ఇప్పుడెవరడుగుతార్లే బావా" అనేశాడు రాఘవులు. అని నాలిక కరుచుకుని, "అంటే... పరిషత్తులో టైము లెక్క గదా" అని సర్దబోయాడు.

భావన్నగారు మీసం ఊడదీసి పెట్టెలో పెట్టుకున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఒక బొమ్మను ఎంతసేపు ఆపమంటే అంతసేపు ఆపగలను నేను. ఆపమని చెప్పే వాడేడీ!

తెనాలిలో ఆ సాయంత్రం మొదటి నాటకం మాదే. హాలుకు చేరేసరికి కేబుల్ వదులై బొమ్మంతా పచ్చబడింది. మైకు అతను ఒక మాట, కమిటీ ఆయన ఒక మాట, కాఫీ తెచ్చినాయన ఇంకొక మాట చెప్పి, తలా ఒకసారి నన్ను తిప్పిపోయారు. "అడివి గదా, పచ్చగా ఉంటేనే మంచిది" అని రాఘవులు తేల్చేశాడు. దర్బారు కూడా పచ్చగానే ఉందని ఎవరో అంటే వినిపించుకోలేదు. చివరికి మస్తాన్ హార్మోనియం పెట్టె జరుపుతుంటే అది కేబుల్‌కి తగిలి, రంగులు వాటంతటవే కుదురుకున్నాయి. ఆ ఘనత రాఘవులు ఖాతాలోకి పోయింది.

నాటకంలో రాజు సర్వం పోగొట్టుకుని, చీకటి పడిన అడవిలో ఒంటరిగా నిలబడతాడు. ఇక ఈ చీకటే నాకు చుట్టం అని పద్యం. నేను చెట్లు చూపిస్తున్నాను. భావన్నగారు ఎత్తుకున్నారు. మొదట గొంతు గీరుకుంది. మూడో పాదానికి దారి దొరికింది. జనం గుర్తుపెట్టుకున్న పాత గొంతు కాదది, దెబ్బ తిని లేచిన గొంతు. రాగం ముగిసింది. వెనక వరసల్లోంచి ఎవరో అరిచారు.

"వన్స్ మోర్!"

ఇంకొకరు అందుకున్నారు. ఆ తర్వాత ఎందరో.

"ఓరి నాయనో, అడిగార్రా!" అన్నాడు రాఘవులు నా పక్కన. ఆ మాటలో సంతోషముంది, వెంటనే భయం కూడా వచ్చింది. మస్తాన్ శ్రుతి మళ్ళీ అందించాడు. భావన్నగారు మళ్ళీ ఎత్తుకున్నారు. రెండో పాదంలో ఉండగా నాకు పెట్టిన గడువు అయిపోయింది. అడవి పోయి దర్బారు వచ్చింది, వేలాడే దీపాలతో, ఎర్ర తివాచీతో. చింకి పాతల్లో ఉన్న రాజు అంత వెలుగులో నిలబడి చీకటిని చుట్టమంటున్నాడు. హాల్లో నవ్వు మొదలైంది.

రాఘవులు రిమోట్ నొక్కాడు. దర్బారు నడిమధ్య నా మెనూ ఇంగ్లీషులో తెరుచుకుంది. మళ్ళీ నొక్కాడు, అది చైనా భాషలోకి మారింది. మళ్ళీ నొక్కాడు, దర్బారు తలకిందులై దీపాలు నేల మీద మొలిచాయి. నవ్వు హోరెత్తింది. బొమ్మను మాయం చేసే మీట ఆయన బొటనవేలి పక్కనే ఉంది. అక్కడ, అక్కడ అని అరవాలని ఎంత కొట్టుకున్నానో నాకే తెలుసు. ఏడాదిపాటు ఒక మనిషి ఎదురుచూసిన కేకను నా చేతులారా నవ్వులపాలు చేస్తున్నాను. చేతులు కూడా లేవు నాకు.

భావన్నగారు ఆపలేదు. పాదం చివరి స్వరం పట్టుకుని రాగం తీస్తూనే తెర పక్క నుంచి వెనక్కి వచ్చారు. నేరుగా నా ముందుకు నడిచారు. ఆయన నీడ తెర మీద పడింది, నా దగ్గరికి వచ్చేకొద్దీ పెరిగింది, దీపాలను, తివాచీని, సింహాసనాన్ని కమ్మేసింది. హాల్లో నవ్వు తగ్గిపోయింది. ఆయన భుజం మీది చింకి దుప్పటి తీసి నా మీద కప్పి, అదే రాగంతో తిరిగి వెళ్ళారు.

మిగిలిన పద్యం నేను చూడలేదు, విన్నాను. దుప్పటి కింద ఊపిరాడక నా ఫ్యాను రొద పెట్టింది. ఆ రొద పద్యం మీద పడుతోందని సిగ్గేసింది. వేడి పెరిగి పెరిగి లోపల ఏదో టప్పున పగిలింది, ఫ్యాను ఆగిపోయింది. ఆయన చివరి పాదం ఏ అడ్డూ లేకుండా సాగి ముగిసింది. ఈసారి లేచిన కేకలకు ఒకరి గొంతు ఒకరికి వినపడలేదు.

మిగిలిన రంగం వట్టి తెల్లగుడ్డ ముందే నడిచింది. నా మీది దుప్పటి తీయడానికి రాఘవులుకు ధైర్యం చాలలేదు. సమయం మించిపోయిందని బహుమతి రాలేదు. వేషం తీసేశాక భావన్నగారు తెర వెనక ఒక పెట్టె మీద కూర్చోవడం దుప్పటి చిరుగులోంచి నాకు కనిపించింది. గొంతు పూర్తిగా పోయింది, పెదవులు కదులుతున్నాయంతే. కానీ కిరీటాన్ని ఒళ్ళో పెట్టుకుని గుడ్డతో తుడుస్తున్నారు.

రాఘవులు చాలాసేపు అటూ ఇటూ తిరిగి, వచ్చి నా పక్కన నేల మీద చతికిలబడ్డాడు. దుప్పటి మీద నుంచే నా మీద చెయ్యి వేశాడు.

"బావా" అన్నాడు. "ఈసారి అడివి పద్యం కాడ బొమ్మ ఆపి పెడతా. నువ్వు చాలన్నదాకా మార్చను."

నా దీపం మాడిపోయిన సంగతి ఆయనకింకా తెలియదు. చెప్పడానికి నాకు నోరు లేదు. ఉన్నా ఆ పూట చెప్పేదాన్ని కాదు.