లేవని బండలు

పొద్దున్నే ఆసుపత్రి వీధి మొదట్లో కాంట్రాక్టరు మనిషి జాబితా చదివాడు. పని లేక ఎండుతున్న ఎనభై మందిలో నలభై మందికి నారింజ రంగు కోట్లు తొడిగాడు. మిగతా నలభై మంది చూస్తూ నిలబడ్డారు. కుదేలైన జనానికి పని కల్పించడానికి ప్రభుత్వం పెద్ద పథకం ప్రకటించింది. అందులో ఈ వీధికి వచ్చింది బండలు పరిచే పని, ఆరు నెలలు.

ఆ వీధిలో ఒకే ఇంటి తోడికోడళ్లలో పెద్దకోడలు జాబితాలో లేదు, చిన్నకోడలు ఉంది.

పదిహేనేళ్లుగా తాపీ పట్టిన మనిషి పెద్దకోడలు. చిన్నకోడలికి తాపీ పట్టడం నేర్పింది ఆమే. అలాంటిది, తోడికోడలు కోటు గుండీలు పెట్టుకుంటుంటే ఆమె కడుపు భగ్గుమంది. దాచడమెందుకు, ఒట్టి అసూయే. సాయంత్రం తాడు మీద ఆరేసిన ఆ కోటు పక్కన తన బట్టలు వేయడానికి కూడా ఆమెకు చేతులు రాలేదు.

వీధి రెండుగా చీలింది. కోటు ఉన్నవాళ్లంతా అధికార పక్షం, లేనివాళ్లంతా ప్రతిపక్షం.

"మా నాయకుడి మాటంటే మాటే. పని ఇచ్చాడా లేదా?" అన్నాడు కోటు వేసుకున్న వడ్రంగి.

"నీకిచ్చాడు, నాకు చెయ్యిచ్చాడు. జనం సొమ్ము మీ వీపుల మీద తగలేశాడు," అంది పెద్దకోడలు. నిన్నటిదాకా ఆమెకు ఏ పార్టీ లేదు. అసూయ చేర్పించిన పార్టీ అది.

సోమవారం మంత్రి వచ్చాడు. పరిచిన బండల మీద నడిచి, పథకం పరుగులు పెడుతోందన్నాడు. గురువారం ప్రతిపక్ష నాయకుడు వచ్చాడు. అప్పటికి బండలు మాయమై అక్కడ మట్టే ఉంది. "పథకం ఎక్కడ? అంతా బూటకం!" అని అరిచాడు. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది పెద్దకోడలే.

శనివారం మంత్రి మళ్లీ వస్తాడన్నారు. బండలు మళ్లీ పరుచుకున్నాయి. ఆసుపత్రికి మందుకోసం వెళ్తున్న పెద్దకోడలి కాలికింద ఒక బండ ఊగింది. ఆమె వంగి తట్టింది. డొల్ల చప్పుడు. అంచు లేపి చూస్తే కింద పొడి ఇసుకే. సిమెంటు మాలు చారెడు కూడా లేదు.

ఆమె తిన్నగా ఇంటికి నడిచింది.

"ఏమే, నేను నేర్పిన చెయ్యేనా అది? మాలు లేకుండా బండ వేస్తావా? సిగ్గులేదూ?"

చిన్నకోడలు తల దించుకుంది. "వేయొద్దన్నారక్కా. వేస్తే మళ్లీ లేవదు కదా. మంత్రి వస్తే పరచాలి, ప్రతిపక్షాయన వస్తే ఎత్తాలి. కాంట్రాక్టరు ఇద్దరికీ కావలసినవాడే."

"మరి మిగతా రోజులు?"

"పనేదీ? కోటు వేసుకుని బయల్దేరి కాంట్రాక్టరు గోదాం వెనక కూర్చుంటాను."

"నాకెందుకు చెప్పలేదే?"

"నువ్వు నన్ను చూసి కుళ్లుకుంటుంటే, నిజంగానే నాకు ఉద్యోగం ఉన్నట్టు ఉండేదక్కా."

పెద్దకోడలికి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఇన్నాళ్లూ తను ఉడికిపోయింది ఇసుక మీద పెట్టిన బండని చూసి.

ఆ మధ్యాహ్నమే ఎనభై మందినీ గోదాం వెనక పోగేసింది. ముందు తిట్లు రేగాయి.

"దొంగ బండలు పరిచింది మీరు!"

"చప్పట్లు కొట్టింది మీరు!"

"నోళ్లు ముయ్యండి!" అంది పెద్దకోడలు. "కాంట్రాక్టరు నలభై మందికే కోట్లు ఎందుకు తెచ్చాడో ఇంకా తెలియలేదా? మనం ఒకరినొకరు చూసుకుని ఏడుస్తుంటే వాడి వైపు ఎవరూ చూడరని. ఫొటోల కోసం పేర్చిన సిమెంటు బస్తాలు ఈ గోదాం ముందరే ఉన్నాయి. పనికోసం వచ్చిన సిమెంటు, పనికే వాడదాం."

మంత్రి వచ్చి వెళ్లగానే ఎనభై మందీ వీధిలోకి దిగారు. కోటు ఉన్నవాళ్లు బండలెత్తారు, లేనివాళ్లు మాలు కలిపారు. పెద్దకోడలు దారం కట్టి మొదటి బండ వేసింది. పక్కది చిన్నకోడలు వేసింది. చీకటిపడేలోగా వీధిలో సగం పూర్తయింది. ఆదివారమంతా వంతులవారీగా నీళ్లు చల్లుతూ కాపలా కాశారు.

సోమవారం ప్రతిపక్ష నాయకుడి రాక కోసం కాంట్రాక్టరు గడ్డపారతో దిగాడు. గడ్డపార వంగింది కానీ బండ కదల్లేదు.

"మాలు ఎవరు వేశార్రా?"

"పని మొదలైంది," అన్నాడు వడ్రంగి. "మిగతా సగం కూడా వేస్తాం. ఎనభై మందిమీ. జాబితా మార్చి పట్రా."

మంత్రి మనిషీ, ప్రతిపక్షం మనిషీ పరుగున వచ్చారు. ఏనాడూ ఒక మాట మీద నిలబడని ఆ ఇద్దరూ కాంట్రాక్టరు ఫిర్యాదు మీద పక్కపక్కనే సంతకాలు చేశారు. ప్రభుత్వ సిమెంటు దుర్వినియోగమట!

పోలీసు వ్యాను వచ్చింది. "మొదటి బండ ఎవరు వేశారు?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"నేనే," అంటూ చిన్నకోడలు ముందుకొచ్చింది.

పెద్దకోడలి కడుపు మళ్లీ భగ్గుమంది. "అబద్ధం! దీని చేతికి అంత తిన్నగా వస్తుందా? మొదటిది నాది. తప్పుకోవే!" అని తోడికోడల్ని పక్కకు తోసి తనే ముందు వ్యాను ఎక్కింది. చిన్నకోడలు ఆమె వెనకే ఎక్కి కూర్చుంది.

"మూడోది నాది," అన్నాడు వడ్రంగి.

"నాలుగోది నాది!"

"నాదీ రాసుకోండి!"

వ్యాను నిండిపోయింది. ఎక్కలేనివాళ్లు పోలీసుస్టేషనుకు నడక మొదలుపెట్టారు. కోట్లు విప్పి ఎక్కడో పారేశారు, ఎవరికి ఉండేదో ఎవరికి లేదో ఇప్పుడు తెలియదు. అంతమంది అడుగులు పడినా వాళ్లు వేసిన బండల్లో ఒక్కటీ ఊగలేదు.