ఖాళీ తొట్టెల

నాకు అన్నిటికంటే ఎక్కువ భయం, ఆ రైలు గాలిలో కదలకుండా నిలబడటం.

మా ఆయన శ్రీహరి గల్ఫ్‌లో, ఎడారిలో కడుతున్న రైలు లైను మీద పనిచేస్తున్నాడు. స్తంభాల మీద దూలాలు, వాటి మీద రైలు. అయస్కాంతాలు దాన్ని వేలెడు ఎత్తున తేలుస్తాయట. దూలం ఎంత వణుకుతుందో చూసే మిషన్లు అతికించడం ఆయన పని.

మా పెద్దపల్లిలో గూడ్సు బండి పోతే అటక మీద గిన్నెలు మోగుతాయి. అది చక్రాల దెబ్బ. ఈ రైలు దూలానికి ఆననే ఆనదు కదా, మరి వణుకెందుకు? ఎనిమిదో తరగతితో ఆగిన నా బుర్రకు ఎక్కలేదు. ఫోన్లో ఆయన్నే అడిగాను.

"ఉరికితే దాటిపోతది వనజా. ఆగినప్పుడే లొల్లి. దూలం జర వంగుతది, అయస్కాంతం గుంజుతది. గుంజితే దూలం ఇంకింత ఊగుతది."

నేను అప్పుడు పాప తొట్టెల ఆపబోతున్నాను. చెయ్యి అదను తప్పి, అది ఇంకా ఊగింది.

"లోపట ఎవలుంటరు?" అన్నాను.

"ఎవలుండరు. ఖాళీ."

పక్కనే ఉన్న మా అత్తమ్మ కొమురవ్వ ఫోన్ గుంజుకుంది. "ఖాళీ తొట్టెల ఊపుతరార కొడుకా? పిల్లకు మంచిది గాదు! నీ బిడ్డను ఇరవైఒకటో దినం తొట్టెలల ఏసినప్పుడు గూడ ముందుగాల రోటి పొత్రం పండబెట్టినం. ఏదన్న బరువెయ్యుమను!"

"అవ్వా, గిది రైలే!" అని ఆయన పడీపడీ నవ్వాడు.

మర్నాడు ఫోన్లో నవ్వు లేదు. నవ్వులాటకు అత్తమ్మ మాట వాళ్ల ఇంజనీరు సారుతో చెప్తే, సారు నిజంగానే ఇసుక బస్తాలు వేయించాడట. కొన్ని బస్తాలకు వణుకు ఆగిందట. ఇంకో నాలుగు వేస్తే మునుపటికన్నా ఎక్కువైందట.

"అయితే బరువు మంచిదా, కాదా?"

"గదే ఎవలకు సమజైతలేదు. రేపు మళ్ల చూస్తం. బస్తాలు సాలకుంటే మేమే ఎక్కి కూసుంటం."

"నువ్వు ఎక్కకు!"

"పొత్రం లెక్క కూసుంట తియ్యి."

అదే ఆఖరి మాట. నాలుగు రోజులుగా ఫోన్ కలవడం లేదు. మా మాట మేలు చేసిందో, ఆయన్నే తీసుకుపోయి అందులో కూర్చోబెట్టిందో తెలియడం లేదు. "పొత్రానికి ఏంగాదు బిడ్డా, అది రాయి" అంటుంది అత్తమ్మ. ఆమె చెయ్యి మాత్రం తొట్టెల తాడు వదలదు.

ఇది చదివే మన దిక్కువాళ్లు ఎవరైనా అక్కడ ఉంటే, ఒక్కసారి పోయి శ్రీహరిని చూడండి. సన్నగా ఉంటాడు, కుడి కనుబొమ్మ మీద కుట్ల మచ్చ. రైలు ఉరుకుతుంటే నిమ్మళంగా పోండి. ఆగి ఉంటే మాత్రం, జర తొందరగా పోండి.