బాగయ్యానన్నవాడి సాక్ష్యం

వంటకి బియ్యం కొలిచినప్పుడల్లా ఒక గుప్పిడి తీసి వేరే కుండలో వెయ్యడం మా చర్చి సంఘంలో ఆడవాళ్ళ అలవాటు. ప్రతి శనివారం సంఘంలో పెద్దావిడ తాతమ్మ సంచి పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి ఆ బియ్యం పోగుచేస్తుంది. సాలూరు బజారులో అమ్మగా వచ్చిన డబ్బు, సంఘంలో ఎవరు ఆసుపత్రి పాలైతే వాళ్ళకి. నిరుడు ఆ బియ్యమే మా ఆయన ఏసుదానాన్ని విశాఖపట్నం నుంచి ఇంటికి తెచ్చింది. కిడ్నీలు దెబ్బతిన్నాయని అక్కడ చేర్చుకున్నారు. సర్కారు కార్డు కొంతవరకే పనికొచ్చింది, మిగతాది కట్టందే ఇంటికి పంపేది లేదన్నారు. మా పాస్టరు అయ్యగారు తాతమ్మని వెంటబెట్టుకుని వచ్చి బిల్లు కట్టారు. ఆ ముసలమ్మ కొంగుముడి విప్పి నోట్లు తీస్తుంటే నాకు ఏడుపు ఆగలేదు. వాళ్ళ రుణం నేను మర్చిపోలేదు. మర్చిపోయి ఉంటే ఇంత నరకం ఉండేది కాదు.

వచ్చేముందు డాక్టరు మా ఆయన కాలిమీద బొటనవేలితో నొక్కి చూపించాడు. "ఇలా నొక్కితే గుంట పడి, అది పూడకపోతే ఒంట్లో నీరు చేరుతోందన్నమాట. వెంటనే తీసుకురావాలి," అన్నాడు. నెలనెలా చూపించుకోవాలనీ, మాత్రలు ఎప్పటికీ ఆపకూడదనీ మరీమరీ చెప్పాడు.

సాయం పొందినవాళ్ళు ఇంటికొచ్చాక ఆదివారం ఆరాధనలో లేచి సాక్ష్యం చెప్పడం మా దగ్గర ఎప్పటినుంచో ఉంది. మా ఆయన లారీ డ్రైవరు. ఘాట్ రోడ్డులో లోడు బండి దించమంటే దించుతాడు గానీ నలుగురిలో మాట్లాడమంటే చెమటలు పడతాయి. ఆ రోజు లేచి నిలబడ్డాడు. గుప్పిళ్ళు వేసిన ఆడవాళ్ళంతా ఎదురుగా చాపల మీద కూర్చుని కళ్ళు తుడుచుకుంటున్నారు. వాళ్ళ మొహాలు చూస్తూ కొంచెం నయం అనడానికి ఆయనకి నోరు రాలేదు.

"పూర్తిగా బాగయిపోనాను. దేవుడు ముట్టాడు నన్ను," అన్నాడు.

చర్చి అంతా స్తోత్రాలతో మోగిపోయింది. నేను కూడా స్తోత్రం అన్నాను. అనకుండా ఎలా ఉంటాను?

నెల తిరిగింది. విశాఖ వెళ్దాం పద అంటే కదల్లేదు.

"బస్టాండులో మనోళ్ళెవరైనా సూస్తే ఏటంటారే? బాగయినోడు మళ్ళీ ఆసుపత్రికెందుకెల్తన్నాడంటారు."

"అననీ. పోనీ మాత్రలైనా కొని తెస్తాను మావా."

"మందుల షాపు మన సంఘపెద్దది. ఎవలికని అడగడా?"

"అడిగితే నీకేనని సెప్తాను."

"ఒసే, నాను దేవుడి ముందర సెప్పిన మాటది. అబద్ధమని తెలిస్తే రేపటినుంచి ఎవలూ గుప్పిడెయ్యరు. నా ఎనక ప్రకాష్ ఉన్నాడు. ఆడికేటవుతాది?"

ప్రకాష్ లారీ షెడ్డులో మెకానిక్కు. శాంతిని పెళ్ళాడి ఏడాది కూడా కాలేదు, అతనికీ అదే జబ్బు పట్టుకుంది. తాతమ్మ సంచి ఇప్పుడు అతని కోసం తిరుగుతోంది. "మీ ఆయన సాక్ష్యం ఇన్నాక అందరి గుప్పిళ్ళూ పెద్దయ్యాయే," అని తాతమ్మ మురిసిపోతూ చెప్పింది.

ఇంట్లో ఉన్న మాత్రలు అయిపోయాయి. ఖాళీ అట్టల్ని చెత్తలో ఎవరైనా చూస్తారని ట్రంకుపెట్టెలో బట్టల కింద దాచాడు. వేళ్ళు వాచి పెళ్ళి ఉంగరం సబ్బు రాసినా రాలేదు. పొద్దున్న లేచేసరికి కళ్ళు మూసుకుపోయేలా మొహం ఉబ్బేది, అన్నం వాసనకే వికారమనేవాడు. ఆ కాళ్ళతోనే బ్రేకు తొక్కుతూ ఘాట్ ఎక్కి ఒడిశా పోయేవాడు. తిరిగొచ్చేదాకా నా ప్రాణం గుమ్మంలో ఉండేది. అయ్యగారికి చెప్పేస్తానన్నాను.

"సెప్పు. ఆ రోజు ఎల్లిన బండి ఇంక తిరిగి రాదు," అన్నాడు. ఊరికే అన్న మాట కాదది, ఆ గొంతు నాకు తెలుసు. నోరు కుట్టేసుకున్నాను.

ఈమధ్య చర్చిలోకి కూడా మేజోళ్ళతోనే వస్తున్నాడు. అందరూ చెప్పులు బయట విడిచి ఉత్తి కాళ్ళతో కూర్చుంటే ఈయన ఒక్కడే మేజోళ్ళతో. అడిగినవాళ్ళకి జలుబని చెబుతున్నాడు.

నిన్న ఆదివారం ఆరాధన మొదలవబోతుండగా శాంతి నా పక్కన చాప మీద సర్దుకుని కూర్చుంది. పిల్ల మొహం వెలిగిపోతోంది.

"వదినా, మా ఆయన మాత్రలు మానేసాడు."

"ఏటి?"

"షెడ్డులో ఏసుదానం అన్నయ్యని అడిగాడంట, మందులేసుకుంటన్నావా అని. అక్కర్నేదన్నాడంట అన్నయ్య. ఆయనకి అక్కర్నేని మందులు నాకెందుకన్నాడు మా ఆయన. విశాఖ కూడా ఎల్లం వదినా. ఆ బియ్యం డబ్బు ఇంకెవలికైనా ఇచ్చీమని అయ్యగారికి సెప్పేస్తాడంట."

ఆమె చెయ్యి పట్టుకున్నాను. నోరు తెరిచేలోపు పాట ఎత్తుకున్నారు. పాట అయ్యాక అయ్యగారు, ప్రకాష్‌కి ధైర్యంగా ఉంటుంది, నీ సాక్ష్యం ఇంకోసారి చెప్పమని ఏసుదానాన్ని పిలిచారు. మా ఆయన కిటికీ ఊచ పట్టుకుని లేచాడు. నిలబడ్డాక కూడా ఊచ వదల్లేదు.

"బాగున్నాను," అన్నాడు. "ఏ మందూ నేకుండానే బాగున్నాను."

వెనక గుమ్మం దగ్గర కూర్చున్న ప్రకాష్ తల ఊపాడు. ఆ ఊపు చూశాక ఇంక నావల్ల కాలేదు. నా ఇల్లు కూలితే కూలనీ అనుకున్నాను, ఆ పిల్ల ఇల్లు కూడా మా మాటతో కూలడమేమిటి?

లేచి మగవాళ్ళ వైపు నడిచాను. ఆయన కాళ్ళ దగ్గర కూర్చున్నాను. ప్రార్థన చేస్తున్నాననుకున్నారేమో, కొందరు కళ్ళు మూసుకున్నారు. ప్యాంటు మడత పైకి తోసి మేజోడు లాగేశాను. ఒద్దే ఒద్దే అన్నాడు చిన్నగా. బొటనవేలు పెట్టి నొక్కి తీశాను.

"బాగయిన కాలెలాగుంటాదో సూడండి," అన్నాను. "మాత్రలు మానేసినోడి కాలు ఇది."

గుంట పడింది. ముందు వరసలోవాళ్ళు మెడలు చాచి చూశారు. వేలు మొత్తం పట్టేంత గుంట. పూడుతుందేమోనని అందరూ చూస్తున్నారు, నేనూ చూస్తున్నాను. అది పూడలేదు. మా ఆయన ఊచ పట్టుకునే మెల్లగా నేలమీదికి జారి కూర్చున్నాడు, కాలు మాత్రం వెనక్కి తీసుకోలేదు. తాతమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అయ్యగారు బైబిలు మూసేశారు.

అప్పుడు ఆడవాళ్ళలోంచి శాంతి లేచింది. నా వైపు చూడకుండా గుమ్మం దగ్గరికి వెళ్ళి ప్రకాష్ ముందు కూర్చుంది. అతను కాళ్ళు లోపలికి ముడుచుకున్నాడు. ఆమె ఒక కాలు ఒళ్ళోకి లాక్కుని, నేను నొక్కినచోటే బొటనవేలు పెట్టి నొక్కింది.

"ఏలు తియ్యి శాంతీ, పూడతాదేమో సూద్దాం," అన్నాను.

ఆమె తియ్యలేదు.