అంచుదాకా నీళ్ళు

లిఫ్టు నడిపే ఆయన సూది లేని సిరంజిలోకి మొక్కలకు బలమిచ్చే మందు పీల్చి, వెలుగుకు ఎత్తి చూసి, ఎక్కువైన చుక్కను వెనక్కి వదిలాడు. మిగిలింది చెంబుడు నీళ్ళలో కలిపి రెండో సీసాకు సిద్ధం చేశాడు. మొదటి సీసాలో మొక్క బతికింది గనక ఆయనకు ధైర్యం వచ్చింది.

ఎండ పడని ఆ గదిలో, మట్టి లేకుండా నీళ్ళలోనే పెంచే తోటంతా ఒక్క బల్ల మీదే. పైభాగం కోసి తలకిందులుగా అందులోకే దింపిన మంచినీళ్ళ సీసా, మొక్కను పట్టి ఉంచడానికి గిన్నెలు తోమే స్పాంజి ముక్క, పైన ట్యూబులైటు. వెలుగు తగిలితే నీళ్ళు పాచి పడతాయని సీసాకు తన యూనిఫాం పాత సాక్సు తొడిగాడు. ఆ భయంతోనే సాక్సు దించి లోపలికి ఎప్పుడూ చూసేవాడు కాదు.

ఇంతకుముందు వేసిన ఆకుకూర మొక్కలన్నీ పసుపెక్కి, మొదలు కుళ్ళి చచ్చాయి. స్పాంజిని అనుమానించాడు, లైటును అనుమానించాడు, చివరికి మందు అమ్మిన చేపల తొట్ల దుకాణంవాణ్ణీ అనుమానించాడు.

"నా చేపలకి నీళ్ళు చాలు. నీ మొక్క వేళ్ళకి గాలి కూడా కావాలి. సగానికి మించి పొయ్యకు" అని వాడు చెబుతూనే ఉన్నాడు. ఈయన పోసేది సగమేనాయె.

ఇవాళ మొక్క నిటారుగా ఉంది. ఉండబట్టలేక సాక్సు దించి చూస్తే వేళ్ళు తెల్లగా మెరుస్తున్నాయి. సీసాను మంచం దగ్గరికి తీసుకెళ్ళి అక్కకు చూపించాడు. తల్లి పోయాక ఆయన్ని పెంచింది అక్కే. జ్వరం తగ్గినా వారంగా ఆవిడ మంచం దిగలేదు.

"సగం వేళ్ళకి నీళ్ళే అందట్లేదు కదరా. పాపం."

"అలాగే ఉండాలక్కా."

"నీ మొహం. నువ్వు డ్యూటీకెళ్ళాక రోజూ నేనే నిండా పోసేదాన్ని. ఈ వారమే లేవలేకపోయాను."

అప్పుడు అర్థమైంది ఆయనకు. ఈ మొక్క బతికింది అక్క లేవలేకపోయినందుకు. సాక్సు మళ్ళీ పైకి లాగాడు.

"సాయంత్రం పోస్తాలే."

"ఇప్పుడు పోస్తే నీ సొమ్మేం పోయింది?"

"టైమైందక్కా."

పగలంతా లిఫ్టులో స్టూలు మీద కూర్చుని మీటలు నొక్కాడు. పైకి, కిందికి. "ఎంత పైకెళ్ళి ఏం లాభంరా, సాయంత్రానికి కిందికే వస్తావు" అని అక్క ఆటపట్టిస్తుంది. చిన్నప్పుడు ఆవిడ అన్నం పెట్టే తీరు గుర్తొచ్చింది. చాలన్నాక ఇంకో గరిటె. ఖాళీ కనిపిస్తే ఆవిడ ప్రాణం ఊరుకోదు. నవ్వొచ్చింది, అలాంటి మనిషి వారంగా లేవలేదని గుర్తొచ్చి వెంటనే భయమేసింది. మొక్క పోతే పోయింది, ఇంటికెళ్ళేసరికి సీసా అంచుదాకా నిండి ఉంటే బాగుండును అనుకున్నాడు. మూడో అంతస్తులో దిగవలసినామె రెండుసార్లు గుర్తు చేయాల్సివచ్చింది.

సాయంత్రం గది తలుపు తెరిచే ఉంది. పక్కగదిలో బట్టలు కుట్టే ఆవిడ మెడలో టేపు తీయకుండానే గుమ్మంలో నిలబడి ఉంది.

"మధ్యాహ్నం బాగానే లేచి కూచున్నారన్నయ్యా. గ్లాసుడు నీళ్ళిమ్మన్నారు. తాగడానికేమో అనుకున్నా. నన్ను పట్టుకుని బల్లదాకా నడిచి ఆ సీసాలో పోశారు. నిండిందని నవ్వి, పడుకున్నారు. టీ తెచ్చి లేపితే లేవలేదు." ఆవిడ కళ్ళు తుడుచుకుంది. "మీకు ఫోన్ చేస్తే కలవలేదు."

"లిఫ్టులో సిగ్నలుండదమ్మా" అన్నాడు.

అక్క గోడవైపు తిరిగి పడుకుని ఉంది. ఆయన దుప్పటి సర్ది, మంచం పక్కన నేల మీద కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

జరగవలసినవి జరిగి, వచ్చినవాళ్ళు వెళ్ళిపోయాక సాక్సు దించి చూశాడు. నీళ్ళు అంచుదాకా ఉన్నాయి. సగం తోడేస్తే మొక్క బతుకుతుంది. సిరంజి కొన నీళ్ళలో ముంచాడు. కాసేపు అలాగే పట్టుకుని, ఏమీ పీల్చకుండా తీసేసి, సాక్సు పైకి లాగాడు.

ట్యూబులైటు కింద నిండు సీసా, దాని పక్కనే అక్క బోర్లించి వెళ్ళిన ఖాళీ గ్లాసు.