మధ్యాహ్నం లేని దారి

గురువారం ఉదయం గౌరీశ్వరి నిద్ర లేచేసరికి, అనంతగిరి ఘాట్ రోడ్డులోని పద్నాలుగో మలుపు భీమిలిలో ఆమె ముందుగదిలోకి వచ్చి ఉంది. మంచానికీ బీరువాకీ మధ్య సరిగ్గా పట్టింది. సున్నం కొట్టిన గట్టురాళ్ళు, తారు అంచున తడిసిన ఎర్రమట్టి, కల్వర్టు కింద సన్నగా పారే నీళ్ళు, అన్నీ ఉన్నాయి. నీళ్ళు బీరువా కిందికి పోకుండా ఆమె ముందు ఒక బకెట్టు పెడుతుంది. తరువాత చీపురు తీసుకుని మలుపు ఊడుస్తుంది. ఎండుటాకులు రెండు చేటల నిండా వస్తాయి.

ఆ మలుపు ఆమెకు కొత్తది కాదు. గౌరీశ్వరీ, ఆమె భర్త జోగారావూ ఒకే హైస్కూల్లో డ్రిల్లు టీచర్లు. సెలవు వచ్చిందంటే చాలు, ఇద్దరూ సైకిళ్ళు తీసి శృంగవరపుకోట మీదుగా కొండెక్కేవాళ్ళు. పదకొండేళ్ళ కిందట ఒక ఆదివారం, ఈ మలుపుకి కాస్త కింద ఉన్న పాక దగ్గర ఆమె టీకి ఆగింది. జోగారావుకి ఎక్కే దారిలో ఆగడం గిట్టదు. "తాగేసి రా, మలుపులో ఉంటాను" అని వెళ్ళిపోయాడు. ఆమె టీ తాగి వెళ్ళేసరికి మలుపు ఖాళీగా ఉంది. తడిమట్టిలో టైరు అచ్చు మలుపు సగం దాకా వచ్చి ఆగింది. లోయంతా వెతికారు. మనిషీ దొరకలేదు, సైకిలూ దొరకలేదు. నాలుగేళ్ళపాటు ప్రతి ఆదివారం ఆమె అక్కడికి వెళ్ళి నిలబడి వచ్చింది. ఆ తరువాత మానేసింది.

పక్కవాటాలో ఉండే ఆడపడుచు వరహాలు పాలగిన్నెతో వచ్చి గుమ్మంలో ఆగుతుంది.

"వదినా, నువ్వు ఎల్లడం మానేసావు కదా. అందుకని అదే వచ్చింది" అంటుంది.

"లోపలికి రా. జారుతుంది, చూసుకో."

"నానెందుకు? నాకు సైకిలు రాదు కదా."

వరహాలు అటుకులూ బెల్లం మూటగట్టి తెచ్చి ఇస్తుంది. "అన్నియ్య కనిపిస్తే..." అని మొదలుపెట్టి ఆగిపోతుంది.

"ఏమని చెప్పమంటావు?"

"ఏటీ సెప్పొద్దు. తిన్నాడో లేదో చూసి రా."

గౌరీశ్వరి సైకిలుకి గాలి కొట్టి, గొలుసుకి నూనె వేసి, క్యారియరుకి సంచి తగిలించి, ఎక్కి, బీరువా పక్కనుంచి తిరుగుతుంది. బీరువా తలుపు అద్దంలో ఒక్క క్షణం తన మొహం కనిపిస్తుంది. ఆ వెంటనే రెండువైపులా సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి అల్లుకున్న మిరియాల తీగలు, కింద కాఫీ మొక్కలు మొదలవుతాయి. తన మంచం దాటడానికే ఆమెకు ఆరు కిలోమీటర్లు పడుతుంది.

దారిలో అటవీశాఖ గేటు ఒకటి అడ్డంగా దించి ఉంది. స్టూలు మీద కూర్చున్న గార్డు తన పేరు సోములని చెప్పి, పుస్తకం తెరుస్తాడు.

"ఎక్కడికి ఎల్తన్నారమ్మా?"

"మా ఆయన దగ్గరికి."

"మీ ఆయన ఏ రోజులో ఉన్నారు?"

ఆమె తారీఖు చెబుతుంది. అతడు వేలితో వరస వెంట వెతికి తల ఊపుతాడు. "ఉన్నారు. కానైతే అటేపు ఒక్క పొద్దుటే ఉన్నాదమ్మా. మద్దినం లేదు. దారి అరకు, పాడేరు, లంబసింగి చుట్టి మీ ఊరి సముద్రం కాడే దిగుతాది. పొద్దు నడినెత్తికి రాకముందే మీరు దిగిపోవాల."

"దిగకపోతే?"

"ఎవులు ఏ రోజులో ఉంటే ఆ రోజులోనే ఉండిపోతారు."

అతడు గేటు ఎత్తుతాడు. ఆమె తల వంచి కిందనుంచి దూరుతుంది.

మలుపు అవతల జోగారావు గట్టురాయి మీద కూర్చుని ఉన్నాడు. ముప్ఫై తొమ్మిదేళ్ళవాడు. చొక్కా చెమటకి తడిసి ఉంది. సైకిలు పక్కనే ఆనించి ఉంది, పెడలు ఇంకా మెల్లగా తిరుగుతోంది.

"ఏటే ఇంతసేపు? టీ తాగొచ్చావా, తోటేసి ఆకు కోసి కాచుకొచ్చావా?"

గౌరీశ్వరి సైకిలు దిగుతుంది. హ్యాండిలు వదిలితే పడిపోతానేమోనని గట్టిగా పట్టుకుంటుంది.

ఆయన ఆమె తలవైపు చూస్తాడు. "జుట్టుమీద మంచు పడిందేటి?"

"పడింది."

"తుడుచుకో, జలుబు చేస్తాది."

ఆమె తువ్వాలు తీసి తుడుచుకుంటుంది. తెలుపు పోదు. ఆయన అప్పటికే సైకిలెక్కి ఉన్నాడు.

"కొంచెం నెమ్మదిగా తొక్కండి" అంటుంది ఆమె.

"నెమ్మదిగా తొక్కితే కొండ ఎక్కనివ్వదే."

అయినా ఆయన నెమ్మదిస్తాడు. పక్కపక్కనే వెళతారు. ఆ దారిలో ప్రతి కిలోమీటరు రాయి మీదా ఊరి పేరు ఉంది, అంకె లేదు. అంకె ఉండాల్సిన చోట 'ఇదిగో' అని రాసి ఉంది. అరకు ఇదిగో అన్న రాయి దాటగానే అరకు వస్తుంది. లోయ నిండా వలిసెపూలు. చక్రాలు తాకిన చోటల్లా తారు పచ్చబడుతోంది. వెనక్కి చూస్తే రెండు పసుప్పచ్చని గీతలు, ఎక్కడా ఒకదాన్నొకటి దాటకుండా, వాళ్ళవెంట వస్తున్నాయి.

"అమ్మకి పొద్దున్న మాత్ర వేసేవా?" అని అడుగుతాడు జోగారావు.

అత్తగారు పోయి ఎనిమిదేళ్ళయింది. కొడుకు చెయ్యాల్సినవన్నీ గౌరీశ్వరే చేసింది.

"వేశాను" అంటుంది.

"మింగిందా, బుగ్గలో దాచిందా?"

"మింగారు. దగ్గరుండి చూశాను."

అది నిజమే. ఆఖరిరోజు కూడా దగ్గరుండి చూసింది. ఆయన తృప్తిగా తల ఊపి గేరు మారుస్తాడు. ఆయన మెడమీద ఎండకు కమిలిన గీత, చొక్కా కాలరుకి కొంచెం పైన, ఎక్కడుండాలో అక్కడే ఉంది. పదకొండేళ్ళలో ఆమె ఆ గీత సంగతే మరిచిపోయింది. మరిచిపోయానని ఇప్పుడు తెలుస్తుంది.

పాడేరు దాటాక ఒక పాక దగ్గర ఆమె ఆగుతుంది. "ఈసారి మీరూ ఆగండి" అంటుంది. ఆయన గొణుగుతూనే దిగుతాడు. పాకలో ముసలమ్మ ఒక గ్లాసు నింపి, రెండోది చేతిలోకి తీసుకుంటుంది.

"తమ్ముడిక్కూడా పొయ్యమంటావా అమ్మా?"

జోగారావు పకపకా నవ్వుతాడు. "తమ్ముణ్ణేటమ్మా? దీనికంటే నేను మూడేళ్ళు పెద్ద."

ముసలమ్మ ఇద్దర్నీ మార్చి మార్చి చూస్తుంది. "ఎప్పుడు?" అని అడుగుతుంది.

"బయల్దేరినప్పుడు" అంటుంది గౌరీశ్వరి.

ముసలమ్మకి ఆ జవాబు సరిపోతుంది. కాని జోగారావు నవ్వు ఆగిపోతుంది. ఆయన గ్లాసు పట్టుకుని భార్య మొహంలోకి, నుదుటిమీది గీతల్లోకి, తువ్వాలుతో తుడిచినా పోని ఆ మంచులోకి చాలాసేపు చూస్తాడు.

"ఎన్నేళ్ళు?" అంటాడు.

"పదకొండు."

"నేనిప్పుడే కదే కూర్చున్నాను ఆ రాయి మీద."

"తెలుసు. నేను వచ్చేసరికి పెడలు ఇంకా తిరుగుతోంది."

ఆమె అటుకుల మూట విప్పుతుంది. ఆయన తింటాడు. ఒక్క అటుకు వదలకుండా తింటాడు. ఎవరు కట్టిచ్చారో అడగడు, రుచినిబట్టి తెలిసినట్టుంది. మూటగట్టిన గుడ్డని మడిచి జేబులో పెట్టుకుంటాడు.

లంబసింగిలో మంచు దారికి అడ్డంగా ఎదిగి ఉంది. ఆడవాళ్ళు నలుగురు కొడవళ్ళతో దాన్ని మొదలంటా కోసి, పనలు కట్టి, రోడ్డు పక్కన కుప్ప వేస్తున్నారు. సైకిళ్ళు పట్టేంత సందు కోసేదాకా ఇద్దరూ నిలబడతారు. మంచులోంచి పొద్దు ఎక్కడుందో తెలియడం లేదు. గౌరీశ్వరికి భయం వేస్తుంది. గేటు దగ్గర సోములు చెప్పిందంతా చెప్పేస్తుంది.

జోగారావు విని, కోసిన మంచుపన ఒకదాని మీద కూర్చుంటాడు. "అయితే నాకు మద్దినం లేదన్నమాట."

"నా దగ్గర బోలెడున్నాయి" అంటుంది ఆమె. "అన్నం తిని, గిన్నెలు కడుక్కుని, ఆపైన ఏం చెయ్యాలో తోచక పక్కన పెట్టేసినవి. ఒక్కటీ వాడలేదు. ఒకటి మీకిస్తాను."

క్యారియరు సంచిలోంచి ఒక మధ్యాహ్నం తీసి దులుపుతుంది. లేత గోధుమరంగులో ఉంది. మడతల్లోంచి ఫ్యాను చప్పుడూ, పక్కింటివాళ్ళు పప్పు దంచుకునే చప్పుడూ వస్తున్నాయి. ఆమె దాన్ని ఆయన భుజాల మీద కప్పి, ముందుకి లాగి చూస్తుంది. భుజాల దగ్గర బిగుతు. గుండె మీద కలవదు. మరొకటి తీస్తుంది. అదీ అంతే. మూడోది తీయబోతుంటే ఆయన ఆమె చెయ్యి పట్టుకుంటాడు.

"అన్నీ నీ కొలతవే గౌరీ. నాకు పట్టవు."

రెండింటినీ ఆయనే జాగ్రత్తగా మడిచి సంచిలో పెడతాడు. "పక్కన పెట్టకు. కట్టుకో" అంటాడు.

అక్కణ్ణుంచి అంతా పల్లమే. తొక్కకుండానే సైకిళ్ళు దిగిపోతున్నాయి. బ్రేకులు ఎంత నొక్కినా ఆ పొద్దు ఆగడం లేదు. జీడితోటల వాసన వస్తుంది, తాటిచెట్లు వస్తాయి, గాలిలో ఉప్పు తగులుతుంది. వాళ్ళ నీడలు పొట్టివై చక్రాల కిందికి జరుగుతున్నాయి. ఆఖరి మలుపుకి ఇవతల జోగారావు సైకిలు నిలిచిపోతుంది. ఆయన దిగి ముందు చక్రం ఎత్తి తిప్పి చూస్తాడు. వెనక్కి తిరుగుతోంది కాని ముందుకి తిరగడం లేదు.

"నేనూ ఉండిపోతాను" అంటుంది గౌరీశ్వరి. సైకిలు స్టాండు వేసేస్తుంది కూడా.

"ఈ పొద్దుట్లో నువ్వెక్కడున్నావో గుర్తుందా?"

"పాక దగ్గర. టీ తాగుతున్నాను."

"మరి నేను?"

ఆమె కొండవైపు చూస్తుంది.

"నువ్వు ఉండిపోతే, నువ్వు టీ తాగుతూనే ఉంటావు, నేను మలుపులో కూర్చునే ఉంటాను. మనం కలిసేది ఎప్పుడే?"

ఆ లెక్కలో తప్పు లేదు. ఆమె ఎంత వెతికినా తప్పు దొరకదు. కళ్ళు తుడుచుకుని, ఆయన కాలరు సరిచేసి, ఎండకు కమిలిన ఆ గీత మీద వేలు పెట్టి ఈ చివరినుంచి ఆ చివరిదాకా రాస్తుంది. స్టాండు తీస్తుంది.

"అయితే ఈసారి నేను ముందు వెళతాను. మీరు ఎదురు చూడండి."

"ఎంతసేపు?"

"మీకు ఎంతోసేపు కాదు. ఒక్క టీ తాగేంతసేపు."

"మరి నీకు?"

గౌరీశ్వరి పెడలు మీద కాలు వేస్తుంది. మలుపు తిరిగేదాకా ఆయన ఆమె సీటు వెనక చెయ్యి వేసి, కొత్తగా నేర్చుకునేవాళ్ళని పట్టుకున్నట్టు, పక్కనే పరుగెడతాడు. మలుపు సగంలో ఆ చెయ్యి బరువు తగ్గుతుంది. ఆమె వెనక్కి చూడదు. సైకిలు కాస్త తేలికవుతుంది, అంతే.

పొద్దు నడినెత్తికి వచ్చేసరికి ఆమె భీమిలి ఇసుకలో ఉంది. ఎండ మామూలుగానే కాస్తోంది. ఆమె సైకిలు పడుకోబెట్టి, పక్కన కూర్చుని, సంచిలోంచి ఒక మధ్యాహ్నం తీసి భుజాల మీద వేసుకుంటుంది. సరిగ్గా పడుతుంది.

అప్పుడు వెనకాల నేల అదురుతుంది. కొండలు స్నానానికి దిగి వస్తున్నాయి. తూర్పు కనుమలన్నీ, చెట్లు తడవకుండా పైకి ఎత్తిపట్టుకుని, తాటితోపుల మధ్యనుంచి ఒకదాని వెనక ఒకటి నడిచి సముద్రంలోకి దిగుతున్నాయి. జాలరులు వలలు పక్కకి లాగి దారి ఇస్తున్నారు. కొండలు మెడలోతు దాకా వెళ్ళి మునిగి లేస్తున్నాయి. అన్నిటికంటే వెనక వచ్చిన ఒక చిన్నకొండ నడుంలోతులో ఆగి, వెనక్కి తిరిగి, ఒడ్డున ఎవరున్నారా అని చూస్తుంది. గౌరీశ్వరి ఒక్కతే ఉంది.

"వీపు అందడం లేదు" అంటుంది కొండ.

ఆమె లేచి, భుజాల మీది మధ్యాహ్నాన్ని చీర కుచ్చిళ్ళతోపాటు నడుం దగ్గర దోపుకుని, నీళ్ళలోకి దిగుతుంది. గుప్పెడు తడి ఇసుక తీసుకుని దాని వీపు మీద రుద్దడం మొదలుపెడుతుంది. నాచు ఊడి వస్తోంది. కింద రాయి గోరువెచ్చగా ఉంది, ఊపిరికి లేస్తోంది, దిగుతోంది. పొదల్లోంచి పిట్టలు లేచి ఆమె తలచుట్టూ ఒకసారి తిరిగి మళ్ళీ వాలతాయి.

"ఇంకొంచెం పైకి" అంటుంది కొండ.

గౌరీశ్వరి మునివేళ్ళ మీద లేస్తుంది.