గోడ వైపు నాలుగు అడుగులు

కృష్ణానగర్‌లో కిరాణా కొట్టు పైనున్న సినిమా డాన్సుల రిహార్సల్ హాలును హనుమంతు మాస్టర్ రోజూ తనే తుడిచేవాడు. పొద్దున ఆరున్నరకల్లా మధురానగర్ నుంచి స్కూటర్ మీద వచ్చి, ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, బకెట్టు నీళ్ళు పట్టి, తడిగుడ్డతో ఎర్ర గచ్చునంతా మూలమూలా రుద్దేవాడు. వాచ్‌మన్ ఓదెలు గుమ్మంలో కూర్చుని బీడీ కాలుస్తూ చూసేవాడు.

"గీ పని గూడ నువ్వే జేస్తే ఇగ నేనెందుకు సారూ? బోరబండకు పోయి పండుకుంట."

"అన్నం పెట్టే నేల, ఓదెలూ. నా చేత్తో నేను తుడుచుకోవాలి."

ఆ మాట ఫిల్మ్‌నగర్ దాకా పాకింది. ఆఫీసుల్లో నిర్మాతలు కూడా చెప్పుకునేవారు, అంత పెద్ద మాస్టరుకు నేలంటే ఎంత భక్తో అని. ఎవరైనా ఎదురుగా పొగిడితే అతను తల దించుకునేవాడు. దాన్ని వినయం అనుకునేవారు.

ఆ గచ్చు సంగతి మొదటే చెప్పాల్సింది. జంటగా ఆడేటప్పుడు ఇద్దరిలో ఎవరు నడిపిస్తారో వాళ్ళ అడుగులే దాని మీద పడేవి. అప్పటికప్పుడు కాదు. తెల్లారేసరికి, ముగ్గుపిండితో అద్దినట్టు తెల్లగా తేలేవి. వెంట నడిచిన మనిషివి పడేవి కావు. కొన్ని గోడలకు చెమ్మెక్కే గుణం ఉన్నట్టే ఆ గచ్చుకు ఆ గుణం. కొత్తగా చేరిన డాన్సర్లకు మంచినీళ్ళ కుండ ఎక్కడుందో చెప్పేటప్పుడే ఈ సంగతీ చెప్పేవారు.

హనుమంతు మాస్టరుకు పేరు తెచ్చినది టాంగో అనే విదేశీ జంట డాన్సు. క్లబ్బు పాట అంటే ఆయన్నే పిలిచేవారు. టాంగోలో మగవాడు ముందుకు నడుస్తాడు, ఆడమనిషి వెనక్కి నడుస్తుంది. ఆమె వీపు మీదున్న అతని అరచెయ్యే ఎటు తిరగాలో చెప్పాలి. మాస్టర్ చేతికి మాత్రం చెప్పడానికేమీ తెలియదు. అసిస్టెంటు అమ్మాజీ మద్రాసులో ఉన్నప్పుడు ఒక ఆంగ్లో ఇండియన్ టీచరమ్మ దగ్గర టాంగో నేర్చుకుంది. వెనక్కి నడుస్తూనే భుజం కొంచెం వాల్చి, ఊపిరి కొంచెం ఆపి, అతన్ని ఎటు తిప్పాలో అటు తిప్పేది. చూసేవాళ్ళకు అతనే ఆమెను తిప్పుతున్నట్టుండేది.

గచ్చుకు మాత్రం తెలుసు. రోజూ పొద్దున చిన్న పాదాలు, వేళ్ళకు మెట్టెల గీతలతో, వెనక్కి వెనక్కి సాగిన వరస ఒక్కటే తేలేది. తొమ్మిదేళ్ళలో అతనిది ఒక్క అడుగూ పడలేదు. అతను తుడిచేది అందుకే.

ఆ ఏడాది, ఎనభై ఎనిమిదో తొమ్మిదో, సొంతంగా పాటలు చేయించడానికి డాన్సర్ల సంఘం ఇచ్చే మాస్టర్ కార్డుకు అమ్మాజీ అర్జీ పెట్టింది. నలభై నిండితే సంఘం కొత్త కార్డు ఇవ్వదు. ఆమెకు వచ్చే వారం నిండుతాయి. అంతకుముందు రెండుసార్లు అడిగితే, "వచ్చే ఏడు చూద్దాంలే అమ్మాజీ" అని మాస్టరే ఆపాడు.

పరీక్షకు సంఘం పెద్దలు సుబ్బరామయ్యగారు, శకుంతలమ్మగారు సాయంత్రం నాలుగింటికి వచ్చారు.

"ఇదిగో అమ్మాయ్, నడిపించగలవో లేదో చూడాలి, నువ్వు మగవాడి వైపు ఆడు. మీ మాస్టరుగారు ఆడవేషం" అంది శకుంతలమ్మ. "ఏం హనుమంతూ, సిగ్గా? పైట తెప్పించమంటావా?"

అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు.

టేపు మొదలైంది. అమ్మాజీ అరచెయ్యి అతని వీపు మీద ఆనింది. వెనక్కి నడవడం తన ఒంటికి ఇంత సుళువుగా వస్తుందని అతను అనుకోలేదు. తొమ్మిదేళ్ళుగా చేస్తున్నది ఇదే కదా అనిపించింది. ఆ వెంటనే భయం పట్టుకుంది. కార్డు వస్తే ఈమె వెళ్ళిపోతుంది. రేపు క్లబ్బు పాటకు తన చేతిని ఎవరు నడుపుతారు? హాలు మధ్యకు రాగానే అతను ఒళ్ళు బిగించి, ఆమెను గోడ వైపు లాగేశాడు. నాలుగే అడుగులు. అమ్మాజీ తూలింది, తాళం తప్పింది, మళ్ళీ సర్దుకుని పాట చివరిదాకా తీసుకెళ్ళింది.

"అక్కడ తప్పిందే" అన్నారు సుబ్బరామయ్యగారు.

"అవునండీ. నాదే పొరపాటు" అంది అమ్మాజీ. మాస్టర్ వెళ్ళి టేపు కట్టేశాడు.

"సరే, మన కళ్ళదేముంది. పొద్దున ఎనిమిదింటికొచ్చి గచ్చు చూసి తేల్చుదాం" అంది శకుంతలమ్మ.

మర్నాడు అతను ఆరున్నరకే వచ్చాడు. బకెట్టు నింపాడు. తుడిచేస్తే పరీక్షే లేదు. ఎందుకు తుడిచావని అడిగినా చెప్పడానికి మాట ఉంది. అలవాటు, భక్తి.

తలుపు తీశాడు. చిన్న పాదాల వరస గుమ్మం నుంచి హాలు మధ్యకు వచ్చింది. అక్కడి నుంచి గోడ వైపు నాలుగు పెద్ద అడుగులు. ఎడమ మడమ మీద పగులుతో సహా తనవే. ఇన్నేళ్ళకు నేల తన పాదాలను ఒప్పుకుందని మనసు పొంగింది. ఆ పొంగు ఎంతోసేపు నిలవలేదు. అవి ఎటు పోయాయో చూశాడు. గోడకు జానెడు దూరంలో ఆ నాలుగూ ఆగాయి. చిన్న పాదాలు అక్కడి నుంచే మళ్ళీ మొదలై, పాటను దారికి తెచ్చాయి.

"మీవి పడ్డాయి మాస్టారూ!"

గుమ్మంలో అమ్మాజీ. మొహం నిండా సంతోషం. దగ్గరికొచ్చి వంగి చూసింది. "ఎంత బాగా పడ్డాయో!"

అతను గుడ్డ వెనక్కి దాచుకున్నాడు. అంతలోనే ఆ దాచుకోవడానికి కూడా సిగ్గేసింది.

"నీకు తెలుసా? నేను రోజూ..."

"మొదటి నెలలోనే చూశాను. మీ నడుముకు మంచిదిలే అనుకున్నా." నవ్వి, గొంతు తగ్గించింది. "ఆ నాలుగూ తుడిచెయ్యండి. పెద్దవాళ్ళు చూస్తే మీకు నామోషీ."

"తుడిస్తే నువ్వు దారి తప్పావనుకుంటారు."

"అనుకోనివ్వండి. మీ దగ్గరే పనిలోకొచ్చాను. మిమ్మల్ని తలొంచుకునేట్టు చేసి నాకు కార్డెందుకు?"

ఆ మాట కన్నా ఆమె తిట్టి ఉంటే బాగుండేది. అతను బకెట్టు తీసుకెళ్ళి మోరీలో కుమ్మరించాడు. ఓదెలు బీడీ తీసి చూశాడు.

"ఇయ్యాల తుడుస్తలేవా సారూ?"

"లేదు. ఇక నుంచి నీ పని నువ్వే చేసుకో."

ఎనిమిదింటికి పెద్దలు వచ్చారు. సుబ్బరామయ్యగారు చెప్పులు విప్పి, ఆ నాలుగు అడుగుల పక్కన నిలబడ్డారు.

"ఇవెవరివయ్యా?"

"నావండీ. నేనే లాగాను. ఆవిడ తప్పలేదు."

శకుంతలమ్మ చిన్న పాదాల వైపు, ఆరిన బకెట్టు వైపు, చివరికి అతని వైపు చూసింది. "అదన్నమాట నీ భక్తి" అంది. పెన్ను తీసి, కార్డు ఇవ్వొచ్చని అమ్మాజీ అర్జీ మీద సంతకం పెట్టింది.

ఆ మధ్యాహ్నం ఓదెలు హాలు తుడిచాడు. చిన్న పాదాలన్నీ ఒక్క తుడుపుకే పోయాయి. గోడ వైపున్న నాలుగూ పోలేదు. సబ్బుకు పోలేదు, కిరసనాయిలుకు పోలేదు. ఓదెలు విసుగొచ్చి వదిలేశాడు.

అమ్మాజీ మాస్టర్ పేరుతో పాటలు రావడం మొదలైంది. టాంగో వచ్చినప్పుడు ఆడవైపు అడుగులు చూపించడానికి హనుమంతునే పిలిచేది. అతను వచ్చేవాడు. కొత్త పిల్లలకు మంచినీళ్ళ కుండా, గచ్చు గుణమూ చూపించాక, ఎవరో ఒకరు గోడ వైపు వేలు చూపించి అడిగేవారు, ఆ పెద్ద అడుగులు ఎవరివని.

మరొకరు నోరు తెరవకముందే అతను చెప్పేవాడు.

"నావేనమ్మా."